జాగ్రత్తగా ఉండమంటే సరిపోదు: ఎస్‌ఎన్‌సీయూలో కొత్తగా చేరిన సిస్టర్‌కి

సిస్టర్, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మూడేళ్లు పెద్దవాళ్ల మెడికల్ వార్డులో చేశారు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డుకి, అంటే ఎస్‌ఎన్‌సీయూకి వేశారు. నైట్ డ్యూటీలో ఆరేడుగురు పిల్లలకు మీరొక్కరే. ‘జాగ్రత్తగా చెయ్’ అని అందరూ అంటున్నారు గానీ ముందు ఏం చూడాలో ఎవరూ చెప్పడం లేదు. డ్యూటీకి బయల్దేరే ముందే టెన్షన్‌తో కడుపులో తిప్పుతోంది. వార్డు మార్చమని అడగాలా అన్నది మీ ఆఖరి ప్రశ్న.

ఆ ప్రశ్నకి చివర్లో వస్తాను. నేను చాలా కాలం ఈ వార్డుల్లోనే చేశాను, ఇప్పుడు కొత్తగా వచ్చే సిస్టర్లకి నేర్పిస్తున్నాను. నేను చూసినంతలో, ఆసుపత్రిలో ఉన్న బిడ్డకి మన వల్ల హాని జరిగితే అది చాలావరకు మనం షిఫ్టులో పదేపదే చేసే మామూలు పనుల్లోనే జరుగుతుంది. మందు తీయడం, ఒంటి వేడి కొలిచే ప్రోబ్ అతికించడం, డ్రిప్ గొట్టం మూసుకుపోకుండా కాస్త సెలైన్ పంపడం (ఫ్లష్), డ్రిప్ చూడడం లాంటివే. ఈ పనులు చేసేటప్పుడు ఎవరూ కావాలని అజాగ్రత్తగా ఉండరు. తెల్లవారుజామున నాలుగింటికి కళ్లు వాటంతటవే మూసుకుపోతుంటాయి. కాబట్టి జాగ్రత్త మీద నమ్మకం పెట్టుకోకండి. అలసిపోయి ఉన్నా తప్పు జరగడం కష్టమయ్యేలా షిఫ్టు మొదట్లోనే ఏర్పాట్లు చేసుకోండి. అవేంటో చెప్తాను.

మందులతో మొదలుపెడతాను. పెద్దవాళ్ల వార్డు నుంచి వచ్చినవాళ్లకి అన్నిటికన్నా పెద్ద మార్పు ఇక్కడే. అక్కడ ఒక ఆంపూల్ అంటే దాదాపు ఒక డోసు. ఇక్కడ ఒక ఆంపూల్‌లో పది మంది పిల్లల డోసులు ఉండొచ్చు.

మనం రోజూ వాడే జెంటామైసిన్‌నే తీసుకోండి. పెద్దవాళ్లది 2 మి.లీ.లో 80 మి.గ్రా. ఉంటుంది, అంటే మి.లీ.కి 40. పిల్లలది 2 మి.లీ.లో 20 మి.గ్రా., అంటే మి.లీ.కి 10. రెండూ చూడ్డానికి దాదాపు ఒకే సైజు. మీ దగ్గర 1.2 కిలోల బిడ్డ ఉంది, డాక్టర్ గారు కిలోకి 5 చొప్పున 6 మి.గ్రా. రాశారు. పిల్లల వయల్ నుంచయితే 0.6 మి.లీ. తీయాలి. పెద్దవాళ్ల వయల్ నుంచయితే 0.15 మాత్రమే. డే డ్యూటీ సిస్టర్ వెళ్తూ వెళ్తూ ‘ఆ బిడ్డకి జెంటా పాయింట్ సిక్స్’ అని చెప్పింది. సాయంత్రం స్టోర్ నుంచి పెద్దవాళ్ల 80 మి.గ్రా. వయళ్లు వచ్చాయి. మీరు ఆ మాట ప్రకారమే 0.6 తీశారు. బిడ్డకి 24 మి.గ్రా. వెళ్లింది, అంటే నాలుగింతలు. చూశారా, ఇందులో ఏ ఒక్కరూ నిర్లక్ష్యంగా లేరు. జెంటామైసిన్ మోతాదు మించితే కిడ్నీల మీద, వినికిడి మీద పడుతుంది. అది అప్పటికప్పుడు బయటపడదు. బిడ్డకి రెండేళ్లొచ్చినా మాటలు రావడం లేదని తల్లి డాక్టర్ల చుట్టూ తిరిగే రోజున ఈ వయల్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టాం. డోసు ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే చెప్పాలి, మిల్లీలీటర్లలో ఎవరూ నోటితో చెప్పకూడదు. 0.15 మి.లీ. కచ్చితంగా తీయడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. కాబట్టి మి.లీ.కి 40 ఉన్న పెద్దవాళ్ల వయల్ వస్తే ఒక మి.లీ. మందుకి మూడు మి.లీ. నార్మల్ సెలైన్ కలిపి మి.లీ.కి 10 చేసుకుని, దాన్నుంచి ఒక మి.లీ. సిరంజితో తీస్తాం. ఏ మందుని దేంతో ఎంత కలపాలో డాక్టర్ గారి సంతకంతో ఒక చార్టు రాయించి, మందులు కలిపే బల్ల పైన గోడకి అతికించాం. మీ వార్డులో అలాంటి చార్టు లేకపోతే అడిగి రాయించుకోండి. మొదటి వారంలో మీరు చేయగలిగిన పనుల్లో దీన్ని మించింది లేదు. సున్నా సంగతి కూడా చూసుకోండి. పాయింట్ ముందు సున్నా తప్పకుండా ఉండాలి, 0.5 అని. పాయింట్ తర్వాత ఉత్త సున్నా ఉండకూడదు. 5.0 అని రాస్తే చుక్క కనపడక 50 అయిపోతుంది.

‘ఇద్దరు చూడాలి’ అని మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. కానీ మన వార్డుల్లో అది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. ‘సిస్టర్, 0.6 తీశాను, కరెక్టే కదా?’ అని సిరంజి చూపిస్తాం, ఆవిడ తల ఊపుతుంది. మన అంకె విన్నాక ఆవిడ మనసు కూడా ఆ అంకె వైపే పోతుంది, కాబట్టి దాన్ని చెక్ చేయడం అనలేం. రెండో మనిషికి బరువు, డాక్టర్ రాసిన డోసు, వయల్ మాత్రమే ఇచ్చి తన లెక్క తనని వేసుకోనివ్వాలి. రెండు జవాబులూ కలిసినప్పుడే మందు ఇవ్వాలి. రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు అన్ని మందులకీ ఇలా కుదరదు. కనీసం జెంటామైసిన్, ఫినోబార్బిటోన్, ఎమినోఫిలిన్, డోపమిన్, కాల్షియం, పొటాషియం, వీటికైనా లేబర్ రూమ్ సిస్టర్‌తోనో డ్యూటీ డాక్టర్‌తోనో ఫోన్‌లోనైనా లెక్క వేయించండి. మందు కలిపేటప్పుడు ఎవరైనా పిలిస్తే పలకకండి. అటెండర్‌కీ, బయట కూర్చున్న బంధువులకీ ఆ విషయం ముందే చెప్పి ఉంచండి.

పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంపూల్ డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్‌తో కలిసిపోయి కనిపిస్తుంది. దాన్ని మందుల ట్రేలో అసలు ఉంచొద్దు. వేరే డబ్బాలో పెట్టి, తాళం వేసి, ఎర్ర స్టిక్కర్ అతికించండి. లేబర్ రూమ్‌లో కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి తల్లికిచ్చే మెథర్జిన్, బిడ్డకిచ్చే విటమిన్-కె ఒకే ట్రేలో ఉండి, బిడ్డకి మెథర్జిన్ వెళ్లిన సంఘటనలు ఎన్నో దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అలాంటి బిడ్డలు ఊపిరి ఆగిపోయి, ఫిట్స్‌తో మన దగ్గరికే వస్తారు. 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, మి.లీ.కి 10 యూనిట్లు ఉండే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) పెట్టాల్సిన అరలో 10,000 యూనిట్ల వయళ్లు పెట్టారు. నర్సులు ఎప్పుడూ తీసే అరలోంచే తీసి ఇచ్చారు. నెలలు నిండని ముగ్గురు పిల్లలు చనిపోయారు. డబ్బుకీ మెషీన్లకీ కొదవ లేని చోట కూడా అలా జరిగింది. అర తెరిచినప్పుడు చెయ్యి అలవాటుగా పోతుంది, కన్ను లేబుల్ మీదికి పోదు. కాబట్టి స్టోర్ నుంచి కొత్త సరుకు వచ్చిన రోజున ప్రతి మందు బలం ఎంతో చదివాకే అరలో పెట్టించండి.

బిడ్డ ఎవరన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మన పిల్లలకి ఇంకా పేర్లుండవు. కేస్ షీటు మీద ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని ఉంటుంది. మన ఊళ్లలో ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు మౌనికలు ఉండడం వింతేమీ కాదు. కవలలైతే ఇంకా కష్టం. పేరుతో ఎప్పుడూ పిలవకండి, ఐపీ నంబరుతో, అంటే అడ్మిషన్ నంబరుతో పోల్చుకోండి. చేతికొకటి, కాలికొకటి ట్యాగు ఉండాలి. కాన్యులా (డ్రిప్ కోసం నరంలోకి వేసే సన్నని గొట్టం) వేయడానికి ఒక ట్యాగు కత్తిరిస్తే, వేరే పని ముట్టుకోకముందే కొత్తది కట్టాలి.

ఇక వేడి సంగతి. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 36 నుంచి 36.4 దాకా చలి పట్టడం మొదలైందని లెక్క, 36 కన్నా తగ్గితే వెంటనే పట్టించుకోవాలి. థర్మామీటర్ పెట్టేలోపే మీ చేతి వెనక భాగంతో బిడ్డ పొట్టనీ పాదాన్నీ ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి మొదలైంది. రెండూ చల్లగా ఉంటే ఇప్పటికే ఆలస్యమైంది. చలి పట్టిన బిడ్డ వేడి కోసం షుగర్ ఖర్చు చేసుకుంటుంది, షుగర్ పడిపోతుంది, ఊపిరి తడబడుతుంది. అందుకే చల్లగా ఉన్న బిడ్డకి గ్లూకోమీటర్ పట్టడం అలవాటు చేసుకోండి. 45 కన్నా తక్కువ వస్తే డాక్టర్‌ని పిలవాల్సిందే.

వార్మర్‌ని, అంటే బిడ్డని వెచ్చగా ఉంచే హీటరు బల్లని, నమ్మండి గానీ దాని ప్రోబ్‌ని నమ్మకండి. బిడ్డ పొట్ట మీద కుడివైపు అతికించిన ఆ చిన్న బిళ్ల చెమటకో, డైపర్ మార్చేటప్పుడో ఊడిపోతుంది. ఊడి పక్కన పడితే మెషీన్ గది గాలిని కొలుస్తుంది, బిడ్డ చల్లగా ఉందనుకుని హీటర్‌ని పూర్తిగా పెంచేస్తుంది. తెర మీద అంకె తక్కువే చూపిస్తుంటుంది, కింద బిడ్డ కాలిపోతుంటుంది. బిడ్డ బోర్లా పడుకుని ప్రోబ్ ఒంటి కింద ఇరుక్కుంటే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది, బిడ్డ చల్లబడుతుంది. కాబట్టి ప్రతి రౌండులో మొదట బిడ్డని, తర్వాత ప్రోబ్‌ని, ఆ తర్వాతే తెరని చూడండి. మాన్యువల్ మోడ్‌లో పెట్టి పక్క బిడ్డ దగ్గరికి వెళ్లొద్దు. మే నెలలో ఏసీ ఆగిపోయిన రాత్రి చలి కన్నా వేడే ప్రమాదం. గుడ్డలు, టోపీలు తగ్గించాల్సింది అప్పుడు.

రికార్డు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. షిఫ్టు చివర్లో కూర్చుని నాలుగు గంటలకోసారి 36.8, 36.8, 36.8 అని నింపేసిన చార్టులు నేను ఎన్నో చూశాను. ముస్కాన్ అసెస్‌మెంట్, అంటే పిల్లల వార్డుల నాణ్యత చూసే ప్రభుత్వ తనిఖీ వస్తుందంటే అవి ఇంకా అందంగా తయారవుతాయి. ఆ చార్టు బిడ్డకి మేలు చేయదు, కీడే చేస్తుంది. తర్వాతి సిస్టర్ దాన్ని నమ్మి, ఈ బిడ్డ బాగానే ఉందని ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్తుంది. చూడలేకపోతే ఖాళీగా వదలండి. ఆ బిడ్డని ఎవరూ చూడలేదన్న సంగతైనా తెలుస్తుంది.

ఇన్‌ఫెక్షన్. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సెప్సిస్ (రక్తంలోకి పాకే ఇన్‌ఫెక్షన్) తెచ్చిన క్రిముల్లో ఎసినెటోబాక్టర్, క్లెబ్‌సియెల్లా ముందున్నాయి. వాటిలో చాలా వాటి మీద మనం మామూలుగా వాడే యాంటీబయాటిక్స్ పనిచేయడం లేదని కూడా తేలింది. ఇవి తడి ఉన్న చోట, మన చేతుల మీద, సింకు దగ్గర, హ్యుమిడిఫయర్ నీళ్లలో హాయిగా బతుకుతాయి. కాబట్టి చేతుల శుభ్రతే ముఖ్యం. వార్డులోకి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లేటప్పుడు హ్యాండ్ రబ్ ఆరేదాకా రుద్దుకోవాలి. వార్మర్ పక్క పలక, మానిటర్ బటన్, సెల్‌ఫోన్ ముట్టుకున్నా మళ్లీ రుద్దుకోవాలి. మీ చేతిలో ఉన్న ఏర్పాటు ఏమిటంటే ప్రతి వార్మర్‌కీ ఒక రబ్ సీసా వేలాడేయడం. గది మూలన ఒక్క సీసా ఉంటే రాత్రి మూడింటికి దాని దగ్గరికి ఎవరూ నడవరు.

గాజుల మాట ఎత్తితే చాలామంది నొచ్చుకుంటారు. పెళ్లయిన సిస్టర్లు మట్టిగాజులు పూర్తిగా తీయడానికి ఇష్టపడరు, ఇంట్లో అత్తగారు ఒప్పుకోరు. ఆ బాధ నాకూ తెలుసు. కానీ గాజు కింద చర్మం ఎప్పుడూ సరిగ్గా కడగబడదు. మా దగ్గర లాకర్‌లో ఎవరి పేరుతో వాళ్లకి ఒక డబ్బీ పెట్టాం. వచ్చి తీసి పెట్టుకుని, వెళ్లేటప్పుడు వేసుకుని వెళ్తారు. ఇన్‌చార్జి సిస్టరే మొదట తీయడంతో మిగతావాళ్లకి మొహమాటం పోయింది.

ఇంకొక్కటి మాత్రం అస్సలు చేయకండి. సెలైన్ బాటిల్‌కి ఒక సూది గుచ్చి అలాగే వదిలేసి, వార్డులో అందరికీ అందులోంచే ఫ్లష్ తీయడం. ఒక్క బిడ్డ దగ్గర మొదలైన క్రిమి తెల్లారేసరికి ఆరుగురి రక్తంలోకి చేరే దారి అదే. ఫ్లష్ కోసం 10 మి.లీ. ఆంపూళ్లు అడగండి. అవి రాకపోతే ఏ బిడ్డ బాటిల్ ఆ బిడ్డకే, తెరిచిన టైమ్ రాసి పెట్టండి.

డ్రిప్ వేసిన చెయ్యిని గుడ్డతో మొత్తం చుట్టేసి దాచొద్దు. కాన్యులా కొన, దాని పైన చర్మం కనిపించాలి. కాల్షియం గ్లూకోనేట్ నరం బయటికి జారితే చర్మం నల్లబడి ఊడిపోతుంది, ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. ప్రతి గంటకీ ముట్టుకుని చూడండి, గట్టిగా, వాచినట్టు ఉంటే అక్కడే ఆపేయండి. ‘ఇంకో నరం దొరకదు’ అని ఆశపడి సాగదీయకండి. ఇన్‌ఫ్యూషన్ పంప్ లేకపోతే మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మి.లీ., కాబట్టి గంటకి ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు. డ్రిప్ సెట్‌లోని కొలత గొట్టంలోకి నాలుగు గంటలకి సరిపడా మించి వదలొద్దు. క్లాంప్ వదులైనా బిడ్డలోకి అంతకు మించి వెళ్లదు.

ఆక్సిజన్ కూడా మందే, దానికీ డోసుంది. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెట్టినప్పుడు పల్స్ ఆక్సీమీటర్‌లో 90 నుంచి 95 మధ్య ఉండాలి. 99 చూసి సంతోషపడే అలవాటు పెద్దవాళ్ల వార్డు నుంచి మనకి వస్తుంది. ఇక్కడ ఆ 99 బిడ్డ కంటి రెటీనాని దెబ్బతీయొచ్చు. పై అలారం 95 దగ్గర పెట్టండి, విసుగొచ్చి ఆపేయొద్దు. 2 కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకి నెల తిరిగేలోపు కళ్ల పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. వేళకి దొరికితే లేజర్‌తో చూపు కాపాడొచ్చు. డిశ్చార్జ్ కార్డు మీద ‘ఐ చెకప్’ అని రాసి పంపిస్తే ఎవరూ వెళ్లరు. తేదీ, చోటు, ఎవరిని కలవాలో రాసి, తండ్రి ఫోన్‌లో రిమైండర్ పెట్టించి పంపండి.

తల్లుల గురించి రెండు మాటలు. ఇంకా చాలా చోట్ల తల్లిని వార్డు బయట కూర్చోబెట్టి పాలు మాత్రం తెప్పించుకుంటున్నారు. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలని, కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెకి అదిమి కంగారూ మదర్ కేర్‌లో ఉంచారు. నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఏ మెషీన్ కొన్నా ఇంత ఫలితం రావడం కష్టం. మన ఇళ్లలో బాలింతకి గాలి తగలకూడదంటారు, ఎక్కువసేపు కూర్చోకూడదంటారు. పెద్దావిడతో గొడవపడకండి. వెనక్కి వాలే కుర్చీ, దుప్పటి, తాగడానికి వేడి పాలు ఏర్పాటు చేసి, ఆవిడనే పిలిచి మనవడి ఊపిరి చూపించండి. ఇంకో సంగతి, తల్లి పక్కనుంటే మీకు రెండో జత కళ్లు ఉన్నట్టే. ‘సిస్టర్, వీడు ఎందుకో నిన్నటిలా లేడు, పాలు లాగట్లేదు’ అని ఆమె అంటే మానిటర్ బాగానే చూపిస్తున్నా లేచి వెళ్లి చూడండి. పాలు తాగడం తగ్గడం, కదిలిస్తేనే కదలడం సెప్సిస్‌కి తొలి గుర్తులు. జ్వరం చాలాసార్లు రానే రాదు.

ఎలుకలు, కరెంటు అన్నవి నర్సు పనులు కావని అనుకోవచ్చు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కొరికి పసిబిడ్డ చనిపోయింది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరులో ఝాన్సీలో పిల్లల వార్డుల్లో రాత్రి మంటలు రేగి ఒక్కోచోట కనీసం పది మంది శిశువులు పోయారు. ప్లగ్గు వేడెక్కుతున్నా, గోడలో కంత కనిపించినా, వాసన వచ్చినా రాత్రే రిపోర్టు బుక్కులో టైమ్‌తో రాయండి. ఫోటో తీసి సూపరింటెండెంట్ గారికి, ఇంజనీరింగ్ వాళ్లకి పంపండి. తాళం వేసి ఉన్న ఎమర్జెన్సీ తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకుండా డ్యూటీ మొదలుపెట్టొద్దు.

జరగబోయి తప్పిపోయిన పొరపాట్లని కూడా రాయండి. చాలా వార్డుల్లో రాస్తే మెమో వస్తుందని భయం. అది మీ తప్పు కాదు, పై వాళ్లు మార్చాల్సిన విషయం. అందుకే మా దగ్గర పేరు లేకుండా రాసే చిన్న పుస్తకం పెట్టించాం. ‘80 వయల్ చేతిలోకి వచ్చింది, చివర్లో చూసుకున్నాను’ అన్న ఒక్క వాక్యం చాలు, ఆ వయళ్లు మర్నాడే వేరే అరలోకి వెళ్లిపోతాయి.

ఇక మీ ఆఖరి ప్రశ్న. వార్డు మార్చమని ఇప్పుడే అడగకండి. ముందు ఎఫ్‌బీఎన్‌సీ ట్రైనింగ్‌కి, అంటే ఆసుపత్రిలో నవజాత శిశువుల సంరక్షణ నేర్పే శిక్షణకి పంపమని రాతపూర్వకంగా అడగండి. అందులో క్లాసులతో పాటు పెద్ద యూనిట్‌లో రెండు వారాలు దగ్గరుండి చూసి నేర్చుకునే అవకాశం ఉంటుంది. అది మీ హక్కు. ఎస్‌ఎన్‌సీయూ నిబంధనల ప్రకారం ఒక షిఫ్టులో ముగ్గురు నలుగురు పిల్లలకి ఒక నర్సు ఉండాలి. మీకు ఆరేడుగురున్న ప్రతి రాత్రీ ఎంతమంది పిల్లలు, ఎంతమంది నర్సులు అన్నది రిపోర్టు బుక్కులో రాసి, డ్యూటీ డాక్టర్ చేత సంతకం పెట్టించండి. నెల తిరిగాక ఆ పేజీల జిరాక్స్ తీసుకుని మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌తో పాటు పిల్లల డాక్టర్ గారిని కూడా వెంటబెట్టుకుని ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారి దగ్గరికి వెళ్లండి. నర్సు ఒక్కతే వెళ్లి అడిగితే ‘సర్దుకోండమ్మా’ అంటారు. కాగితంతో, డాక్టర్‌తో కలిసి వెళ్తే కనీసం రాత్రికి ఇంకొకరిని డిప్యుటేషన్ మీద వేయడం నేను చూశాను.